మైకు లేని ఒడిబియ్యం

ఎడపల్లి చుట్టుపక్కల పెళ్లయినా, గృహప్రవేశమైనా, తొట్టెల వేడుకైనా, బంతిలో కూర్చున్నవాళ్ల చెవిన పడే గొంతు ఒక్కటే. అది మైకు రాజమల్లుది. "వర్ని నుంచి దేవిదాస్ గారు, వెయ్యి నూట పదహార్లు" అని అతను అన్నాడంటే ఆ వెయ్యి నూట పదహార్లూ రెండు వేలంత బరువుగా వినిపిస్తాయి. ఇచ్చిన దేవిదాస్ గారు ఏమీ ఎరగనట్టు పప్పు కలుపుకుంటూ ఉంటాడు గాని, చెవి మాత్రం మైకు వైపే ఉంటుంది. తన పేరు వినపడేదాకా పెరుగు పోయించుకోని పెద్దమనుషులు ఉన్నారు.

దీన్ని ఊళ్లలో కట్నాలు రాయడమంటారు. కాలువ కింద ఏనాడో వచ్చి స్థిరపడ్డ కోస్తా రైతుల క్యాంపుల్లో చదివింపులంటారు. పేరేదైనా నీతి ఒక్కటే. నీ ఇంటి శుభకార్యానికి నేనిచ్చింది రేపు నా ఇంటి శుభకార్యానికి నువ్వు తెచ్చివ్వాలి, పైన కొంత వేసి మరీ. అందుకని ఇచ్చినట్టు పదిమందికీ తెలియాలి. తెలియకుండా ఇచ్చింది ఇయ్యనట్టే. గుళ్లో హుండీలో వేసేవాడు కూడా ఒకసారి పక్కవాడిని చూసి గాని వెయ్యడు. రాజమల్లు మీసాలు రాకముందు నుంచీ ఈ నీతి మీదనే బతికాడు. దీన్ని అతనంత గట్టిగా నమ్మినవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

ఆ నమ్మకం ఒక్కసారి వమ్మయింది. వమ్మయింది కాబట్టే అతని అక్క ప్రమీలమ్మ ఇవాళ నిజామాబాద్‌లో తన ఇంటి అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లను పేరు పెట్టి పిలిచి మరీ తిట్టగలుగుతోంది.

ప్రమీలమ్మ రాజమల్లుకు అక్క మాత్రమే కాదు. తల్లి పోయినప్పుడు వాడింకా సరిగా నడవడం కూడా రాని పిల్లాడు. చాటలో తునికాకు, జర్దా, దారం పెట్టుకుని బీడీలు చుడుతూ, వాడిని తొడ మీద పడుకోబెట్టుకుని పెంచింది. పెళ్లయి బోధన్ పోయేటప్పుడు వాడూ ఆమె వెనకే పోయాడు. చదువు అబ్బలేదు గాని గొంతు అబ్బింది. ఆ గొంతు చూసి ఒకనాడు ఆమె బోధన్ బజారులో పాత సామాన్ల దుకాణానికి తీసుకుపోయి, ఒక ఆంప్లిఫయరు, ఒక గంటాకారపు హారను బేరమాడి కొనిచ్చింది. ఎన్నేళ్లు చుట్టిన బీడీల కూలి అదో ఆమె చెప్పలేదు. ఒకటే చెప్పింది: కొన్నది నేనని ఎవరికీ చెప్పకు. ఆమె పద్ధతే అంత. పక్కింటికి కూరగిన్నె పంపినా పైన మూత పెట్టి, ఆ మూత మీద కొంగు కప్పి పంపే రకం.

ఆమె భర్త లక్ష్మీరాజం బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర చేసినవాడు. ఒకప్పుడు ఆ ఊరికి గడియారమంటే ఫ్యాక్టరీ సైరనే. సైరన్ మోగితే పాలు కాగబెట్టాలి, సైరన్ మోగితే పిల్లలు బడికి పోవాలి, సైరన్ మోగితే అత్త నిద్ర లేవకముందే కోడలు వాకిలి ఊడ్చి ఉండాలి. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఊరికి జీతమూ పోయింది, వేళా పోయింది. చెరకు గానుగ వాసన లేని చలికాలం ఎట్లా ఉంటుందో బోధన్ వాళ్లు పెద్దయ్యాక నేర్చుకున్నారు. లక్ష్మీరాజం నిజామాబాద్‌లో ఒక రైసుమిల్లుకు కాపలా కుదిరి, సంసారం అక్కడికి మార్చాడు గాని, ఇప్పటికీ మొదటి షిఫ్టు వేళకు ఉలిక్కిపడి లేస్తాడు. లేచి ఏం చేయాలో తోచక చాయ పెడతాడు. ఆ చాయ ప్రమీలమ్మ పక్క మీదనే తాగుతుంది. ఆమె అదృష్టానికి వాడకట్టంతా కళ్లల్లో నిప్పులు పోసుకునేది ఆ ఒక్క విషయంలోనే.

గడ్డ ఉందని ఆమెకు ఎప్పుడో తెలుసు. తెలిసీ కొంగు కప్పి దాచింది. బీడీ కాలనీలో డాక్టర్లు క్యాంపు పెట్టినప్పుడు, అది పసిగట్టిన పక్కింటి రాధాబాయి తనకు భయంగా ఉందని అబద్ధమాడి, తోడు రమ్మని లాక్కుపోయి, లైన్లో తనకంటే ముందు ఆమెను నిలబెట్టింది. రాధాబాయి వాళ్లది సరిహద్దు అవతలి నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో మరాఠీ, వాకిట్లో తెలుగు, కోపమొస్తే రెండూ. అట్లా బయటపడింది రొమ్ము క్యాన్సరని. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో ఎడమ రొమ్ము తీసేశారు. ఆపరేషన్ సర్కారు కార్డు మీద జరిగిపోయింది. జుట్టు ఊడే మందులూ అయిపోయాయి. ఇంకా ముదరకముందే వచ్చారు కాబట్టి బాగవుతుందని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. అయితే ఈమెకు వచ్చిన రకానికి ఏడాది పొడుగునా, మూడు వారాలకొకసారి ఒక ఇంజెక్షన్ పడాలి, మానకూడదు అంది. అది బయట కొనుక్కోవాల్సి వచ్చింది. ఒక్కొక్క ఇంజెక్షనూ రాజమల్లు పెళ్లిళ్ల సీజనంతా మైకు పెడితే మిగిలేంత.

మొదటివి లక్ష్మీరాజం దాచుకున్నదానితో, ప్రమీలమ్మ పీఎఫ్ డబ్బుతో గడిచాయి. తరవాతిదానికి రాజమల్లు తన లైటింగు సెట్టు అమ్మాడు. ఆ తరవాత అమ్మడానికి మైకు తప్ప ఏమీ మిగల్లేదు. అడగడానికి నోరు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ నోటితోనే చేశాడు తప్పు.

వర్ని దగ్గర క్యాంపులో రత్తయ్య గారి కూతురు విజయశ్రీ పెళ్లి. రత్తయ్య కాలువ కింద వరి, చెరకు వేసే రైతు, చేతికి ఎముక లేని మనిషి. రాజమల్లు లేకుండా ఆయన ఇంట్లో పుట్టువెంట్రుకలు కూడా తీయరు. చదివింపులు జోరుగా సాగుతున్నాయి, బంతులు నిండుగా ఉన్నాయి. రాజమల్లు కాగితం పక్కన పెట్టి, ఇది చదివింపు కాదు, నా సొంత మనవి అని మొదలుపెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. తరవాత అతను మాట్లాడలేదు, అలవాటు మాట్లాడింది. పేరు, భర్త పేరు, ఊరు, వాడకట్టు, చివర్న ఏమిటి, ఎంత. ఏళ్ల తరబడి నాలుక పడ్డ దారి అది. "నిజామాబాద్ వాస్తవ్యురాలు, లక్ష్మీరాజం గారి భార్య, శ్రీమతి ప్రమీలమ్మ గారికి రొమ్ము క్యాన్సర్" అని, వెండి కంచం చదివినంత స్పష్టంగా చదివాడు. ఎడమది తీసేశారని కూడా చదివాడు. నాలుగు హారన్లు నాలుగు దిక్కులకూ కట్టి ఉన్నాయి. నాట్లు పడ్డ పొలాలు, నిండా నీళ్లు. నీళ్ల మీద శబ్దం ఎంత దూరం పోతుందో మైకు పెట్టేవాడికి వేరే చెప్పాలా?

ఎంగిలి చేతులు కడుక్కోకుండానే జనం లేచి వచ్చారు. రత్తయ్యే ఒక పళ్లెం తెచ్చి పెట్టి, తానే మొదటి నోట్లు వేశాడు. పళ్లెం నిండింది. రాజమల్లు ఆ డబ్బు సంచిలో కట్టుకుని, గెలిచిన మల్లుడిలా పొద్దున్నే నిజామాబాద్ బస్సెక్కాడు.

అతనికంటే ముందు అతని గొంతు అక్కడికి చేరిపోయింది. బంతిలో ఎవరో కుర్రకారు ఫోన్‌లో పట్టి పదిమందికి పంపారు. కుండకు మూకుడుంది గాని ఊరి నోటికి మూకుడు లేదన్నారు పెద్దలు. ఈ కాలంలో ఊరి నోరు ప్రతివాడి జేబులోనూ ఉంది. ప్రమీలమ్మ తలుపు దగ్గరికి వేసుకుని లోపల కూర్చుని ఉంది. అరుగు ఖాళీగా ఉంది.

తమ్ముడికి చాయ ఇచ్చింది. తాగేదాకా ఆగింది.

"నీ గొంతు మంచిగుంటది రాజిగ," అంది. "వాడకట్టంత మెచ్చుకుంటుండ్రు. పొద్దటి సంది వచ్చినోళ్లు ఎవలు నా మొకం సూస్తలేరు. నా పైట దిక్కు సూస్తుండ్రు."

చెప్పకపోతే పైసలు ఎట్లా వస్తాయని అతను గొణిగాడు.

"నాకు పానం బాగలేదని చెప్పు. కాళ్లు మొక్కి అడుక్కో. నేనేమన్న అంటుంటినా? గానీ నా పెయ్యి మీది కోత ముచ్చట నువ్వు మైకుల చదివినవ్. గది నా మొగనితోని గూడ నేను నోరు తెరిసి చెప్పలే."

గుమ్మంలో ఉన్న లక్ష్మీరాజం, అంత మొండితనం మంచిది కాదే అని ఏదో అనబోయాడు. ఆమె అటు చూసేసరికి చెప్పులు తొడుక్కుని వీధిలోకి వెళ్లిపోయాడు. ఆ పైసలు వాపస్ ఇచ్చి రమ్మంది తమ్ముడిని. ఇచ్చేదాకా దవాఖాన గడప తొక్కనంది.

వాపస్ ఇవ్వడమంటే ఎవరికి? ఆ పళ్లెంలో పడ్డదానికి పేర్లు లేవు. చివరికి పెళ్లి ఎవరిదో పళ్లెమూ వాళ్లదే అనుకుని, సంచి తీసుకుపోయి రత్తయ్య ముందు పెట్టాడు. రత్తయ్య మండిపడ్డాడు. "ఇచ్చింది వెనక్కి పుచ్చుకోడం మా ఇంటా వంటా లేదయ్యా. నన్నేమనుకున్నావు?" ఆయన భార్య ఇందిరాదేవి వచ్చి, మీరు కాసేపు ఊరుకోండి అని ఆ సంచి అందుకుని బీరువాలో పెట్టేసింది. పెట్టి, మీ అక్కగారు ఎవరేమిచ్చినా పుచ్చుకోరా అని అడిగింది. ఇచ్చుడే ఎరుక మా అక్కకు, తీస్కునుడు రాదమ్మా అన్నాడు రాజమల్లు. ఆవిడ బీరువా తాళంచెవి కొంగున ముడేసుకుంది.

డబ్బు వెనక్కి పోయింది గాని ప్రమీలమ్మ కదల్లేదు. ఇంజెక్షన్ తారీఖు వచ్చింది, కాళ్లు గుంజుతున్నాయంది. తారీఖు పోయింది. రాజమల్లుకు అప్పుడు అర్థమయింది, దవాఖానకు పోయే దారి ఆ వాడకట్టు మధ్య నుంచే పోతుందని. ఆ దారి తానే మూసేశాడని. పెళ్లిళ్లకు పిలిస్తే కొడుకును పంపి, తాను పోవడం మానేశాడు.

అతని భార్య భాగ్యలక్ష్మి కొన్నాళ్లు చూసింది. ఒకనాడు మధ్యాహ్నం చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది, వదినెకు ఒడిబియ్యం పోసి ఎన్నేళ్లయిందని.

అతను లెక్క వేసుకున్నాడు. పెద్దోడు అయిదో తరగతిలో ఉన్నప్పుడు. ఆ పెద్దోడు ఇప్పుడు ఐటీఐ చదువుతున్నాడు, గడ్డం గీస్తున్నాడు.

"ఆడబిడ్డ ఒడి ఎండబెట్టినవ్," అంది భాగ్యలక్ష్మి. "ఇంట్లకెల్లి పెట్టాల్సింది పెట్టక, బజార్ల మైకు పట్టుకొని అడుక్కవస్తివి. గందుకే ఉసురు తల్గింది మనకు."

పెళ్లయిన ఆడపిల్లను మూడేళ్లకో అయిదేళ్లకో పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఆమె ఒడిలో పోయడమే ఒడిబియ్యం. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవిక ముక్క కూడా పడతాయి. ఆమె ఆ మూట అత్తింటికి తీసుకుపోయి, మంచి రోజు చూసి విప్పి, వండి నలుగురికీ పెడుతుంది. ఇది ఈ గడ్డ సొత్తే అనుకుంటారు గాని మంజీర దాటితే మరాఠీ వాళ్లూ ఓటీ అని ఇదే నింపుతారు, ఇంకా దక్షిణానికి దిగితే కన్నడం వాళ్లూ ఉడి అని ఇదే నింపుతారు. రాజ్యాలు మారాయి, సరిహద్దు రాళ్లు జరిగాయి, ఆడదాని ఒడి మాత్రం ఇంత మేర ఒకే తీరుగా నిండుతూ వచ్చింది. చరిత్ర రాసినవాళ్లు కోటలు కొలిచారు గాని దీన్ని కొలిచినట్టు కనపడదు. దీనికొక చట్టం ఉంది. ఒడిబియ్యానికి పిలిస్తే రాననకూడదు. ఒడిలో పడ్డది వద్దనకూడదు, వెనక్కి ఇవ్వకూడదు. పుట్టిల్లు చల్లగా ఉండాలనుకునే ఏ ఆడమనిషీ ఒడి దులపదు.

భాగ్యలక్ష్మి కుంకుమ భరిణె పట్టుకుని తానే పిలవడానికి పోయింది. పోతూ మొగుడికి చెప్పింది, మైకు పెట్టేది లేదు, గుంజకు ఆనుకుని కూర్చోవాలి, దగ్గొద్దు కూడా అని. ప్రమీలమ్మ వాకిట్లో కుంకుమ చూసి, మరదలి చేతిని చూసి, నుదురు వంచి బొట్టు పెట్టించుకుందట. "వస్త. నీ మొగనికి చెప్పు, తీగ కనపడ్డదో, గడపలకెల్లే మర్లుత," అందట. తిరిగి వచ్చేటప్పుడు భాగ్యలక్ష్మి రాధాబాయి ఇంట్లో చాలాసేపు కూర్చున్నదని, ఆ తరవాత క్యాంపు బస్సెక్కి ఇందిరాదేవి దగ్గరికి కూడా పోయి వచ్చిందని రాజమల్లుకు తెలియదు. చెప్పాల్సిన పని ఆమెకు కనపడలేదు.

అతని దిగులు అతనిది. మైకు లేని ఫంక్షన్‌కు జనం ఎందుకొస్తారు? వచ్చినా ఏమిస్తారు? పేరు చదవకపోతే తండ్రి కొడుక్కయినా పెడతాడా? గుమ్మం దగ్గర ఒక పళ్లెమైనా పెడదామని అడిగాడు. నీ పళ్లెం మన్నుల గలువ అంది భాగ్యలక్ష్మి. ఇంకా రెండు వారాలు కూడా లేదు మళ్లీ తారీఖు. అదీ పోతే ఏమవుతుందో డాక్టరమ్మను అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ రోజు రానే వచ్చింది. నిజామాబాద్ నుంచి బీడీలు చుట్టే ఆడవాళ్లు ఆటోలు మాట్లాడుకుని రాధాబాయి వెంట ఎడపల్లిలో రాజమల్లు వాకిట్లో దిగారు. క్యాంపు నుంచి ఇందిరాదేవి తన వాళ్లను తీసుకుని వచ్చింది. వాళ్ల వైపు ఇంత తంతు లేదు గాబోలు, ఏం చేయాలి, ఎటు తిరిగి నిలబడాలి అని ప్రతిదీ అడిగి తెలుసుకుంటోంది. ఇరుగుపొరుగు సరేసరి. రాజమల్లు గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు.

తన గొంతు లేని శుభకార్యాన్ని అతను పుట్టాక వినడం అదే మొదలు. గాజుల చప్పుడు వినపడింది. వంటశాలలో గరిటె చప్పుడు వినపడింది. బియ్యం బట్ట మీద పడే చప్పుడు, మెత్తగా, వాన మొదలయ్యే ముందటి చప్పుడు లాంటిది, అతను ఎన్ని ఒడిబియ్యాలకు మైకు పెట్టాడో గాని, ఒక్కసారి కూడా వినలేదు.

ప్రమీలమ్మ తూర్పుకు తిరిగి పీట మీద కూర్చుంది. మొలిచీ మొలవని జుట్టు మీద కొంగు. భాగ్యలక్ష్మి ముందుగా ఆమె ఒడిలో రవిక పెట్టింది. ముక్క కాదు, కుట్టిన రవిక. ముక్క పెట్టాలి గదా, కుట్టింది పెడతారా అని రాజమల్లు అనుకున్నాడు. ప్రమీలమ్మ దాన్ని చేత్తో తడిమి చూసింది. ఎడమ వైపు లోపల దూదితో అస్తరు మందంగా, గుండ్రంగా కుట్టి ఉంది. ఆమె తల ఎత్తి మరదలిని చూసింది. ఆ చూపు ఏమిటో అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలిసింది. రాజమల్లుకు ఆ రాత్రి అన్నం తింటుండగా తెలిసింది.

తరవాత ఒక్కొక్కరు వచ్చారు. చేతులు ముందే బియ్యంతో నిండి, మూసి ఉన్నాయి. ఒడిలోకి వంగి, చేతులు లోపలికి పోనిచ్చి, అప్పుడు విప్పుతున్నారు. ఏం పడిందో వెనక నిలబడ్డవాళ్లకు కనపడదు. పోసిన వాళ్లు పసుపు రాసుకుని పక్కకు తప్పుకున్నారు, అన్నం తిన్నారు, ఆటోలెక్కారు. ఒక్కరు కూడా రాజమల్లు దగ్గరికి వచ్చి, ఇదుగో నా పేరున ఇంత అని అనలేదు.

మూట కట్టారు. ఆపరేషనయిన వైపు చేత్తో ప్రమీలమ్మ బరువు ఎత్తకూడదన్నారు కాబట్టి లక్ష్మీరాజం భుజాన వేసుకున్నాడు. ఫ్యాక్టరీలో బరువులు మోసిన భుజం అది. ఒకసారి ఎగరేసి సర్దుకుని, ఏదో విన్నట్టు చెవి మూటకు ఆనించి, బావమరిది వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

మూట విప్పడానికి ప్రమీలమ్మ శుక్రవారం ఎంచుకుంది. తారీఖు సోమవారం. రాజమల్లు ఆ మధ్య రోజుల్లో తిన్నాడో లేదో తెలియదు గాని, మైకు సెట్టును తుడిచి తుడిచి దాని రంగు పోగొట్టాడు. కొనేవాడిని కూడా మాట్లాడి పెట్టుకున్నాడు. శుక్రవారం పొద్దున్నే ఫోనొచ్చింది. అక్క గొంతు గట్టిగా ఉంది. జల్ది రమ్మంది, ఎందుకో చెప్పలేదు.

పోయేసరికి అరుగు మీద చెప్పులు పడి ఉన్నాయి. లోపల ఆడవాళ్లు. మధ్యలో చాట. ప్రమీలమ్మ మొహం గంటు పెట్టుకుని కూర్చుంది.

"నీ పెండ్లాం పోసిన బియ్యంల పురుగులున్నయి. సూడు."

వంగి చూశాడు. పచ్చటి బియ్యం ఒక పక్కకు, ఇంకో పక్కకు పోగు. చిటికెన వేలంత సన్నగా, ఒక కొన లావుగా, ఒక కొన సన్నగా, ఎర్ర దారం ముడితో, అచ్చం బీడీల లాగా చుట్టిన నోట్లు. ఒకటా రెండా, చాటలో సగం. వందలు, అయిదువందలు, అన్నీ ఒకే తీరు చుట్టుడు, ఒకే దారం. పిడికిట్లో పట్టి ఒడిలో జారవిడిస్తే పక్కనున్న మనిషికి కూడా తెలియదు.

రాధాబాయి ఇంట్లో రెండు సాయంత్రాలు ఆడవాళ్లు జర్దా పక్కన పెట్టి ఈ పనే చేశారు. ఇందిరాదేవి బీరువాలోని సంచి కూడా అక్కడికే చేరింది, దానికి క్యాంపు ఆడవాళ్లు కలిపింది కూడా. ఏ నోటు క్యాంపుదో, ఏది వాడకట్టుదో, ఎవరు బంగారం కుదువబెట్టి తెచ్చిందో, ఎవరు పిల్లల చిట్టీలోంచి తీసిందో తెలియకుండా, అన్నీ కలిపి ఒక్క తీరుగా చుట్టి, దోసెడు దోసెడుగా పంచుకుని వచ్చారు. ప్రమీలమ్మ ఎవరికి వాపస్ ఇవ్వాలన్నా, ఇవ్వడానికి పేరు దొరకదు.

ఎవరెవరో చెప్పమని ఆమె పొద్దటి నుంచి రాధాబాయిని పీడిస్తోందట.

"నాకేం ఎరుక బాయి," అంది రాధాబాయి, గోడకు ఆనుకుని. "నీ ఒడిల పోసేటప్పుడు నేను దేవుని దిక్కు సూస్తున్న."

ప్రమీలమ్మ పోగులోంచి ఒకటి తీసి, వెలుగుకు పెట్టి తిప్పి చూసింది. "గిది నీ చుట్టుడే. కొన మడత సక్కగ రాలే, ముడి వదులు. కార్ఖానల అయితే తీసి అవుతల పారేస్తుండె."

"పారెయ్ మరి."

చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు. ప్రమీలమ్మ నవ్వకుండా ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆ కొంగు చాలాసేపు తీయలేదు. తీసి తమ్ముడి వైపు తిరిగింది.

"చదువు మరి ఇప్పుడు. నీకు చదువుడు మస్తు ఇష్టం గద. ఎవల పేరు చదువుతవో చదువు."

రాజమల్లు నోరు తెరిచాడు. పేరు లేదు, ఊరు లేదు. అక్క పక్కన చాట దగ్గర కూర్చుని, ఒక్కొక్క ముడీ విప్పి, నోటును మోకాలి మీద సాపు చేయడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని దారం ముక్కలు అందించినట్టే. విప్పినకొద్దీ వాళ్లకు తెలిసిపోయింది. మిగిలిన ఇంజెక్షన్లకు సరిపోతుంది. దారి ఖర్చులకూ సరిపోతుంది. లక్ష్మీరాజం ఎవరూ అడగకపోయినా లేచిపోయి అందరికీ చాయ పెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఒడిబియ్యం వండారు. సోమవారం పొద్దున ప్రమీలమ్మ మరదలిచ్చిన రవిక తొడుక్కుని, వాడకట్టు మధ్య నుంచి నడిచి బస్టాండుకు పోయింది. పక్కన రాధాబాయి, వెనక చుట్టుడు మానుకుని వచ్చిన ఆడవాళ్లు, అందరూ ఉప్పు పప్పు ధరలు గట్టిగా మాట్లాడుకుంటూ. ఎవరి చూపు ఎటు పోయిందో చూడడానికి ఆమెకు తీరిక దొరకలేదు.

ఏడాది గడిచింది. ఇంజెక్షన్లు అయిపోయాయి, స్కానింగులో ఏమీ లేదన్నారు. ఇక ఆరు నెలలకొకసారి వచ్చి కనపడితే చాలన్నారు. జుట్టు దట్టంగా వచ్చింది, అదీ ఉంగరాలు తిరిగి. చిన్నప్పుడు లేని షోకు ఇప్పుడొచ్చిందని రాధాబాయి ఏడిపిస్తుంది. చెయ్యి లాగుతుంది కాబట్టి తక్కువ చుడుతుంది, తిట్టడం మాత్రం తగ్గించలేదు.

మొన్న రత్తయ్య గారింట్లో విజయశ్రీ కొడుకు బారసాల. రాజమల్లు మైకు దగ్గర ఉన్నాడు, బంతులు సాగుతున్నాయి. ప్రమీలమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి, అతని బల్ల ముందు నిలబడి, పిడికిలి విప్పి ఒక నోటు పెట్టింది. బీడీ లాగా చుట్టి, ఎర్ర దారం కట్టి ఉంది.

"నా పేరు చదువు," అంది.

అతను మైకు మీద చెయ్యి మూసి, భయం భయంగా అడిగాడు. "ఎంతని చదవాలె అక్కా?"

"ఎంతని ఎవలడిగిండ్రు? పేరు చదువు, ఊరు చదువు. నేనొచ్చిన్నని తెల్వాలె. బీమారి ముచ్చట జోడిస్తివో, నీ తీగలన్ని తెంపుత."

రాజమల్లు చెయ్యి తీసి, గొంతు సవరించుకున్నాడు. "నిజామాబాద్ వాస్తవ్యురాలు, శ్రీమతి ప్రమీలమ్మ గారు" అన్నాడు. అని ఆగాడు. నాలుగు హారన్లూ ఆగాయి. బంతుల్లో తలలు లేచాయి. ఆ పేరు ఈ పొలాల మీద ఇంతకు ముందు ఎప్పుడు వినపడిందో వాళ్లకు గుర్తుంది. లేచిన తలలు అటూ ఇటూ వెతికి, బల్ల ముందు పట్టుచీరలో, తమ్ముడిని ఉరిమి చూస్తూ నిలబడ్డ మనిషిని పట్టుకున్నాయి.

ఎంతో చెప్పలేదేమని ఎవరో కేకేశారు. సాంబారు బకెట్టుతో వడ్డిస్తున్న రత్తయ్య అక్కడి నుంచే అందుకున్నాడు.

"సరిపోయిందిలేవయ్యా. ఆ తరవాతి పేరు చదువు."